హస్తవాసికి ఇంగ్లీషు

నేను మెడికల్ కాలేజీ ప్రొఫెసరుకి మాత్రిచ్చి, తలనొప్పి పోగొట్టి, సీటు సంపాదించానని మావారు ఇన్నేళ్లుగా అందరికీ చెప్తున్నారు. ఇక్కడ సిడ్నీలో, హారిస్ పార్క్ మిఠాయి కొట్టు వరుసలో నిలబడ్డ కొత్తవాళ్లను కూడా వదలరు. శుద్ధ అబద్ధం. సీటు నేను రాసిన పేజీకి వచ్చింది. ఆ పేజీ ఆయన చేతిలో పడి కూడా బతికి బయటపడింది, అదీ విశేషం.

అవి వైటూకే రోజులు. కంప్యూటర్లలో రెండంకెల సంవత్సరాలను నాలుగంకెలు చేసే ఉద్యోగం మీద ఆయన సిడ్నీ వచ్చారు, వెనకాలే నేనూ. ఎంసెట్‌లో కొద్దిలో తప్పిపోయిన మెడిసిన్, ఇక్కడ బీఎస్సీ తర్వాత కూడా చదవొచ్చని తెలిసింది. పరీక్ష గట్టెక్కాను. ఇక డాక్టరెందుకు కావాలనుకుంటున్నానో ఒక పేజీ రాసివ్వాలి. ఇదీ పోతే మూడోసారి ప్రయత్నించే ధైర్యం నాకు లేదు.

ఉన్నదున్నట్టు రాశాను. తెనాలిలో మా వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా డాక్టరు రాసిన మాత్ర చేతిలో పెట్టడానికి నన్నే పిలిచేవాళ్లు, నా హస్తవాసి మంచిదని. వెళ్లినదాన్ని మంచం పక్కనే కూర్చుని వాళ్ల బాధలన్నీ వినేదాన్ని. డాక్టరు పిచ్చి అక్కడే అంటుకుంది.

హస్తవాసిని ఇంగ్లీషులో ఏమనాలి?

"లక్కీ హ్యాండ్ అని పెట్టు," అన్నారు మావారు.

"లాటరీ టిక్కెట్లు అమ్ముకుంటున్నానా?"

"పోనీ, హీలింగ్ టచ్."

"విభూది కూడా పంచమంటారా?"

"అసలా లైనే బగ్గు. డిలీట్ చేసెయ్."

మర్నాటికి పేజీ ఆయనే బాగుచేసి పెట్టారు. మా వీధి క్లయింటయింది. నేను దానికి ఎండ్-టు-ఎండ్ సపోర్టు ఇచ్చానట!

"మీ రెజ్యూమే మీ దగ్గరే ఉంచుకోండి," అని చించేశాను. హస్తవాసిని అలాగే ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, పక్కన అర్థం వివరించి పంపాను.

ఇంటర్వ్యూకి పిలిచారు. ఎదురుగా ఒక పెద్దాయన, పక్కన ఒకావిడ. పెద్దాయన ఆ మాట మీద వేలుపెట్టి "హ్యాస్టా వ్యాజీ?" అన్నాడు. రెండుసార్లు దిద్దాను. దిద్దుతున్నది ప్రొఫెసరునని అప్పుడు తోచలేదు. ఆయన జేబులోంచి మాత్రల అట్ట తీసి నా ముందుకు తోశాడు.

"పొద్దుట్నుంచీ తలనొప్పి. మీ చేత్తో ఒకటివ్వండి, చూద్దాం."

"ఇందాకేమైనా వేసుకున్నారా?"

"రెండు గంటల కిందట ఒకటి."

"అయితే ఇప్పుడివ్వను. ఇంకో రెండు గంటలాగండి."

పక్కనున్నావిడ నవ్వాపుకుంటూ ఏదో రాసుకుంది. అంతే జరిగింది. నేను మాత్రే ఇవ్వలేదు, ఇక తలనొప్పి ఎలా తగ్గిస్తాను? సీటు మాత్రం వచ్చింది.

ఇంటర్వ్యూ రోజు తిరిగొస్తూ పారమట్టా స్టేషన్లో టిక్కెట్టు కోసం హ్యాండ్‌బ్యాగు తెరిస్తే లోపల ఆ పెద్దాయన మాత్రల అట్ట. బ్యాగులో ఎప్పుడు పడేసుకున్నానో, కంగారులో నాకే తెలీదు. ఇప్పటికీ నా బీరువాలోనే ఉంది. రెండు గంటలాగమన్నాను సరే, ఆ తర్వాత పాపం ఆ పెద్దాయనకు మాత్ర ఎవరిచ్చినట్టు?