మధ్యలో నిలబడ్డ పెద్దమనిషి

మా జట్టులో బంతిని చూసి అందరికంటే ఎక్కువగా భయపడే మనిషిని, అందరికంటే ఎక్కువసార్లు బంతి వచ్చే చోట నిలబెట్టుకున్నాం. నిలబెట్టుకున్నాం అనడం కూడా సరికాదు. ఆయనే వచ్చి నిలబడ్డాడు, జరగమని ఎవరూ అనలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొద్ది ఏళ్ళకు, మేం ఆక్లాండ్‌లో బోటనీ డౌన్స్ వైపు కాపురం పెట్టిన కొత్తలో జరిగిన సంగతి ఇది. అక్కడ వేసవిలో ఆఫీసు నుంచి ఇంటికొచ్చి, టీ తాగి, బట్టలు మార్చుకున్నా ఇంకా బోలెడంత ఎండ మిగిలి ఉంటుంది. ఆ ఎండలో ఊరంతా టచ్ ఆడుతుంది. రగ్బీకి తమ్ముడిలాంటి ఆట. ఎవరూ ఎవరినీ కిందపడెయ్యరు. బంతి ఉన్నవాళ్ళని చేత్తో తాకితే చాలు, వాళ్ళు ఆగిపోయి బంతిని నేల మీద పెట్టాలి. వెనకున్నవాళ్ళు దాన్ని తీసి ఇంకొకరికి అందించాలి. ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో విసరాలి. అలా అందించుకుంటూ ఎదుటివాళ్ళ గీత దాటి బంతిని నేలకి ఆనిస్తే పాయింటు. మధ్యలో కింద పడేస్తే బంతి వాళ్ళ చేతికి పోతుంది.

ఆడా మగా కలిసి ఆడే పోటీలో ఆడవాళ్ళు సగం మంది ఉండి తీరాలి. మన తెలుగువాళ్ళం ఒక టీము పెడదాం అనుకున్నప్పుడు మగవాళ్ళు కావలసినంత మంది వచ్చారు, ఆడవాళ్ళు రాలేదు. అందుకని మా ఆయన నన్ను లాక్కెళ్ళాడు. "నువ్వు పరిగెత్తక్కర్లేదు, ఊరికే నిలబడు చాలు" అన్నాడు. కాకినాడలో చదువుకునేటప్పుడు నేను కాలేజీ తరఫున త్రోబాల్ ఆడానని ఆయనకి తెలుసు. తెలిసినా ఆ సమయానికి గుర్తు రాలేదు.

పెద్దమనిషి మా అందరికంటే పదేళ్ళు పెద్ద. మావాళ్ళందరూ ఆయన్ని అన్నయ్యా అని పిలిచేవాళ్ళు. న్యూజిలాండ్ రాకముందు కొన్నాళ్ళు అమెరికాలో ఉద్యోగం చేశాడు. అక్కడి ఫుట్‌బాల్ టీవీలో చూశాడు. చూశాననే చెప్పాడు గానీ ఆడానని ఎప్పుడూ చెప్పలేదు, ఆ మేరకు నిజాయితీ ఉంది. మొదటి రోజు మైదానంలో మమ్మల్ని చుట్టూ నిలబెట్టి ఉపన్యాసం ఇచ్చాడు.

"ఏ టీముకైనా క్వార్టర్‌బ్యాకే బ్రెయిన్. బాల్ ముందు వాడి చేతికి రావాలి. ఎవరికివ్వాలో వాడు డిసైడ్ చెయ్యాలి. ప్రెషర్ అంతా వాడి మీదే ఉంటుంది. ఆ ప్లేస్ నేను తీసుకుంటాను, మీరు టెన్షన్ పడొద్దు."

టచ్‌లో ఆ చోటుకి ఆ పేరు లేదు. మధ్యలో నిలబడే మనిషి అంటే సరిపోతుంది. కానీ ఆయన తన జెర్సీ వెనక ఆ మాటే అచ్చు వేయించుకున్నాడు.

మొదటి మ్యాచ్‌లో ఎదుటివాళ్ళు చుట్టుపక్కల వీధుల్లో ఉండే కివీలు, అంటే ఆ దేశం వాళ్ళు. సగం మందికి కాళ్ళకి బూట్లు కూడా లేవు. వాళ్ళలో మనవలున్న వయసు ఆవిడ కూడా ఉంది. బంతి మా పెద్దమనిషి చేతికి రాగానే ఆవిడ రెండడుగులు ముందుకు వచ్చింది, అంతే. తాకడానికి ఇంకా దూరం ఉంది. ఈయన మొహం పాలిపోయింది. చేతులు వణికాయి. బంతి చేతుల్లో నిప్పుకణికలా అనిపించిందేమో, ఎటు చూస్తున్నాడో అటు కాకుండా ఇంకోవైపు విసిరేశాడు. అది నేరుగా ఆ బామ్మగారి చేతుల్లోకి వెళ్ళింది. ఆవిడ "థాంక్యూ, డార్లింగ్" అని, తొందరేమీ పడకుండా నడిచినట్టే పరిగెత్తి గీత దాటింది.

ఈయన వెనక్కి తిరిగి మా ఆయన మీద కేకలేశాడు. "నువ్వక్కడ ఉండాలి కదయ్యా. నేను చూడకుండా విసిరాను. అది నో లుక్ పాస్."

ఆ సాయంత్రమంతా అలాంటివే విసిరాడు. ప్రతిదానికీ ఇంగ్లీషులో ఒక పేరుంది, ప్రతిదానికీ వేరే ఎవరిదో తప్పుంది.

వరసగా ఓడిపోతుంటే, ఒక ఆదివారం మన సరుకుల కొట్లుండే శాండ్రింగ్‌హామ్‌కి వెళ్ళి, కావలసినవి కొనుక్కుని దోసెల హోటల్లో కూర్చున్నాం. మా ఇద్దరితో పాటు మా టీములో ఆడే అమ్మాయి ఒకతె ఉంది. వరంగల్ పిల్ల. పాపకూర అనే పేటలో ఫ్లాట్‌లో ఉంటూ చదువుకునేది. కాలేజీలో కబడ్డీ ఆడేది. మా టీములో నిజంగా పరిగెత్తగలిగింది ఆ పిల్ల ఒక్కతే. చేతులు వణికే మనిషిని మధ్యలో పెట్టుకుని గెలవగలమా అన్నది ఆరోజు చర్చ.

"గెలవచ్చు" అన్నాడు మా ఆయన. చట్నీ గిన్నెలు జరిపి బల్ల మీద మైదానం గీసి, నా వైపు తిరిగాడు. "ఆయన చేతిలో బాల్ ఉండే టైమ్ తగ్గించాలి. ఆయనకివ్వగానే పక్కనే నువ్వుండు. నీకిచ్చేస్తాడు. మిగతాది మనం చూసుకుందాం."

"ఆయనకి ఇచ్చుడెందుకు అన్నా?" అంది ఆ పిల్ల. "సీదా అక్కకే ఇద్దాం. ఆయన్ని అంచుకి నిలబెడదాం."

"అలా ఎలా చెప్తామమ్మా ఆయనకి?"

"గట్లనే చెప్తం. నోటితో."

మా ఆయన నవ్వి ఊరుకున్నాడు. నవ్వడానికి కారణం నాకు తెలుసు. మా ఆయనకి ఇక్కడ మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు, మనిషి ఎలాంటివాడని కంపెనీవాళ్ళు ఫోన్ చేసి అడిగింది ఈ పెద్దమనిషినే. మంచివాడని ఆయన చెప్పాడు, ఉద్యోగం వచ్చింది. టీములో మిగతా మగవాళ్ళలో చాలామంది కథ అదే. ఒక్క మంచిమాట చెప్పినందుకు ఒక మనిషి చేతిలో మన సాయంత్రాలన్నీ పెట్టెయ్యాలా అని నాకు ఒళ్ళు మండేది. కంపెనీల్లో పదిమందికి మేనేజర్లయినవాళ్ళు, మీటింగుల్లో తెల్లవాళ్ళతో వాదించి నెగ్గేవాళ్ళు, ఈయన ముందు మాత్రం బడిపిల్లల్లా చేతులు కట్టుకునేవాళ్ళు.

ఆయన భార్యని వదినా అనేదాన్ని. ప్రతి మ్యాచ్‌కీ కమలాపళ్ళ ముక్కలు కోసుకుని డబ్బాలో తెచ్చేది. గీత బయట మడత కుర్చీ వేసుకుని, చలిగాలికి శాలువా కప్పుకుని, మైదానం వైపు కాకుండా సీగల్ పక్షుల వైపు చూస్తూ కూర్చునేది. ఒకసారి నేను పక్కన కూలబడితే తనే అంది.

"మీరందరూ ఏమీ అనరేం?"

"ఏమనాలి వదినా?"

"ఆయన కారు రివర్స్ చెయ్యాలంటే కూడా నేను దిగి వెనక నిలబడాలి. అట్లాంటి మనిషికి బాలిచ్చి మధ్యలో పెట్టారు. పెట్టినవాళ్ళది తప్పు." పళ్ళ డబ్బా నా వైపు జరిపింది. "తిను. నువ్వొక్కదానివే ఆడుతున్నట్టున్నావు."

మా ఆయన పథకం కొంచెం పనిచేసింది. బంతి పెద్దమనిషి చేతిని అలా తాకి నా దగ్గరికి వచ్చేది, నా దగ్గర్నుంచి వరంగల్ పిల్లకి వెళ్ళేది, ఆ పిల్ల ఇద్దరు ముగ్గుర్ని తప్పించుకుని గీత దాటేది. రెండు మూడు మ్యాచ్‌లు గెలిచాం. గెలిచిన ప్రతిసారీ ఆయన మాకు మ్యాచ్ విశ్లేషించి చెప్పేవాడు. "చూశారా, నేను వాళ్ళని నా వైపు లాగాను. అందుకే మీకు స్పేస్ దొరికింది." నిజానికి ఎదుటివాళ్ళు ఆయన వైపు వచ్చేది, అక్కడైతే బంతి సులువుగా దొరుకుతుందని.

ఒకరోజు మోటార్‌వే మీద ఏదో యాక్సిడెంటయి ఆయన ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాడు. మధ్యలో నేను నిలబడ్డాను. ఏమీ అద్భుతం చెయ్యలేదు. బంతి వస్తే పట్టుకున్నాను, ఖాళీగా ఉన్నవాళ్ళెవరో చూసి ఇచ్చాను. మేం అంతకు ముందు ఎప్పుడూ అంత తేలిగ్గా గెలవలేదు. అందరూ నవ్వుతూ ఆడారు. మా ఆయన కూడా మొదటిసారి ఒక పాయింటు చేసి, చిన్నపిల్లాడిలా గడ్డి మీద దొర్లాడు.

తరవాతి వారం పెద్దమనిషి వచ్చి, ఏమీ జరగనట్టు మధ్యలోకి నడిచాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను.

"అన్నయ్యగారూ, ఇవాళ మీరు అంచున ఆడండి. నేను ఇక్కడుంటాను" అన్నాను.

ఆయన చిరునవ్వు నవ్వాడు. కొత్తగా చేరిన ఉద్యోగి తెలివితక్కువ ప్రశ్న అడిగితే నవ్వే నవ్వు. "అమ్మా, సీజన్ మధ్యలో క్వార్టర్‌బ్యాక్‌ని మార్చకూడదు. టీము కాన్ఫిడెన్స్ దెబ్బతింటుంది."

నేను మిగతావాళ్ళ వైపు చూశాను. ఒకడు బూటు లేసు కట్టుకుంటున్నాడు. అది కట్టే ఉంది. ఇంకొకడు ఆకాశంలోకి చూసి వాన పడేలా ఉందన్నాడు. మా ఆయన నా దగ్గరికి వచ్చి, "ఒక్క మ్యాచ్‌కి ఎందుకు గొడవ, పోనీలే" అన్నాడు మెల్లిగా. వరంగల్ పిల్ల ఒక్కతే, "అక్క మంచిగ ఆడింది కదా, మొన్న మీరు లేరు" అంది. నేను పక్కకి జరిగాను. ఆ సాయంత్రం కారులో మా ఆయన పక్కన కాకుండా వెనక సీట్లో కూర్చున్నాను.

మాది అన్నిటికంటే కింది తరగతి పోటీ. మాకంటే అధ్వాన్నంగా ఆడేవాళ్ళు కొందరుండటం వల్ల ఎలాగో ఫైనల్ దాకా వెళ్ళాం. ఫైనల్లో మళ్ళీ ఆ బామ్మగారి జట్టే. పెద్దమనిషి రెండుసార్లు బంతిని వాళ్ళకి అప్పగించాడు. వరంగల్ పిల్ల వెంటపడి ఒకసారి ఆపింది, రెండోసారి ఆపలేకపోయింది. అయినా టైమ్ అయ్యేసరికి ఇద్దరికీ సమానంగా పాయింట్లు వచ్చాయి.

సమానమైతే టచ్‌లో ఒక పద్ధతి ఉంది. రెండు జట్లూ కొందరిని బయటికి పంపి, తక్కువమందితో ఆడాలి. ఎవరైనా పాయింటు చేసేదాకా కాసేపటికొకసారి ఇంకొకరిని తగ్గించుకుంటూ పోవాలి. మనుషులు తగ్గేకొద్దీ మైదానం పెద్దదవుతుంది. దాక్కోవడానికి చోటుండదు. ఎవరు బయటికి వెళ్ళాలో కెప్టెన్ చెప్పాలి. కెప్టెన్ కూడా ఆయనే.

మేం చుట్టూ చేరాం. ఆయన ఒకరి తరవాత ఒకరి మొహాలు చూశాడు. నన్ను పంపేస్తాడని అనుకున్నాను. మొన్న మాట అన్నది నేనే కదా. ఆయన మైదానం వైపు ఒకసారి చూశాడు. అంత ఖాళీ పచ్చిక, అవతల బూట్లు లేని కివీలు, వాళ్ళ మధ్యలో నడుం మీద చేతులు పెట్టుకుని ఆ బామ్మ. చూసి, వంగి పిక్క పట్టుకున్నాడు.

"క్రాంప్ వచ్చేసింది" అన్నాడు. "నేను వెళ్తాను. మీరు కానివ్వండి."

వెళ్ళేటప్పుడు మొదటి నాలుగడుగులు కుంటుతూ వేశాడు, ఆ తరవాత మరిచిపోయి మామూలుగా నడిచాడు. ఆయన వెనకే మావాళ్ళలో ఇంకొకరు కూడా బయటికి వెళ్ళారు. ఆయన వదిన పక్కనున్న కుర్చీలో కూర్చున్నాడు. వదిన ఆయన వైపు చూడలేదు, శాలువా సర్దుకుంది.

ఆయన వెళ్ళిన మూడో నిమిషంలో పని అయిపోయింది. మా ఆయన బంతి నాకిచ్చాడు. బామ్మగారు ముందుకొచ్చింది. ఆవిడ చెయ్యి తగిలేదాకా నేను బంతి వదలనని ఆవిడకి అర్థమైంది, ఒక్క క్షణం తటపటాయించింది. పక్కనుంచి "అక్కా" అని వినపడింది. ఇచ్చాను. వరంగల్ పిల్ల వెనక్కి చూడకుండా పరిగెత్తి గీత అవతల బంతితో సహా బోర్లా పడింది.

ఆ సాయంత్రం శాండ్రింగ్‌హామ్ హోటల్లో బల్లలు కలిపి కూర్చున్నాం. కప్పు ఆయన ముందు పెట్టారు. పిక్క బాగానే ఉంది, మాట్లాడటానికి లేచి నిలబడ్డాడు.

"లీడర్ అంటే ఎవరు? ఎప్పుడు ఆడాలో తెలిసినవాడు కాదు. ఎప్పుడు తప్పుకోవాలో తెలిసినవాడు. ఇవాళ నేను మీ మీద నమ్మకంతో తప్పుకున్నాను. మీరు నిలబెట్టారు."

చప్పట్లు మోగాయి. మా ఆయన కూడా కొట్టాడు. వరంగల్ పిల్ల నా వైపు వంగి, "అక్కా, గీయనకి సిగ్గు లేదా?" అంది. దోసెలొస్తున్నాయి, చల్లారకముందే తినమన్నాను.

కాబట్టి ఎవరైనా అడిగితే నేను చెప్పగలను. చేతులు వణికే మనిషిని మధ్యలో పెట్టుకుని కూడా ఒక జట్టు గెలవచ్చు. మేం గెలిచాం. ఆ గెలుపు వల్ల కలిగిన నష్టం ఓడిపోయి ఉంటే కలిగేది కాదు. ఓడిపోతే కనీసం ఎవరో ఒకరికి నోరు పెగిలేదేమో. గెలిచాక ఆయన్ని కదిపే దారి లేకుండా పోయింది. మమ్మల్ని పై తరగతి పోటీలో వేశారు. కిందటిసారి ఆయన పద్ధతితోనే గెలిచాం కాబట్టి ఈసారీ అదే పద్ధతి అన్నారు అందరూ. ఆ తరగతిలో ఆడేవాళ్ళకి ఆయన భయం ఎక్కడుందో కనిపెట్టడానికి అర నిమిషం పట్టింది. బంతి ఆయనకి వచ్చేదాకా ఆగి, ముగ్గురు కలిసి ఒక్కసారి మీదికొచ్చేవాళ్ళు. ఆ సీజన్లో మేం ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. తప్పు ఎప్పటిలా మావాళ్ళ పొజిషనింగ్‌దే.

నేను ఆ సీజన్ సగంలో మానేశాను. ఎందుకు మానేస్తున్నానో ఆయనకి ఎదురుగానే చెప్పాను. "మీరు బంతి పట్టుకోలేరు అన్నయ్యగారూ. ఎవరూ చెప్పట్లేదు, అందుకని చెప్తున్నాను." ఆయన నా భుజం తట్టి, నేను కొంచెం అలసిపోయినట్టున్నానని, కొన్నాళ్ళు రెస్ట్ తీసుకోమని సలహా ఇచ్చాడు.

వరంగల్ పిల్ల పాపకూరలో ఆడవాళ్ళ జట్టొకటి నాకు చూసిపెట్టింది. వారానికోసారి సాయంత్రం డ్రైవ్ చేసుకుంటూ అక్కడికి వెళ్ళేదాన్ని. మొదటి రోజు వాళ్ళు నన్ను ఏ ఊరని అడగలేదు, ఎవరు పంపారని అడగలేదు. బంతి విసిరారు, పట్టుకున్నాను, మళ్ళీ విసిరారు. కాసేపయ్యాక వాళ్ళలో ఒకావిడ మధ్యలోకి వెళ్ళమని చెయ్యి చూపించింది. ఇంటికొచ్చాక మా ఆయన, మ్యాచ్ ఎలా జరిగిందని అడిగాడు. ఓడిపోయామని చెప్పి, స్నానానికి వెళ్ళాను. చాలా రోజుల తరవాత ఆకలిగా అనిపించింది.