ఎదుటి జట్టు బెంచీ

మా హోల్మ్‌ఫోర్స్ ఐస్ రింక్‌లో కాఫీ కొట్టు కిటికీ పక్కన ఒక పాత పేపరు ఫోటో చట్రం కట్టి ఉంటుంది. బెంచీ మీద వరసగా పక్క ఊరు స్ట్రోమ్‌నెస్ ఐస్ హాకీ జట్టు ఆటగాళ్లు. వాళ్ల నడుమ, మా ఊరి చొక్కా వేసుకుని, మా మామయ్య యెర్కర్ ఫాలేన్. అటూ ఇటూ ఉన్నవాళ్లు పడీపడీ నవ్వుతున్నారు.

కొత్తవాళ్లెవరైనా కాఫీకి వచ్చి ఆ ఫోటో వైపు చూస్తే చాలు, ఐస్ నున్నచేసే బండి నడిపే స్టూరె ఎక్కడున్నా వచ్చి వాలిపోయేవాడు.

“మావాడే! గోడకేసి గుద్దారు. లేచాడు, దులుపుకున్నాడు, దర్జాగా వెళ్లి వాళ్ల బెంచీలో కూచున్నాడు. కూచుని పక్కవాణ్ణి అడుగుతాడూ, ‘ఇప్పుడు దిగేది ఎవర్రా?’ అని!”

మామయ్య దగ్గర్లో ఉంటే చివరి ముక్క తనే కలిపేవాడు. “వాళ్ల సీసాలో నీళ్లు కూడా తాగేశాను.”

మళ్లీ నవ్వులు. నేను స్కూలు రోజుల నుంచీ, ఇప్పుడు ఉమియో నగరంలో చదువుకుంటూ కూడా, శనివారాలు ఆ కొట్టులో కాఫీ పోస్తాను కాబట్టి ఈ కథ విని విని, ఏ మాట దగ్గర ఎవరు నవ్వుతారో కూడా చెప్పగలను.

మామయ్య ఒకప్పుడు మంచి ఫార్వర్డ్. కోత మిల్లులో పగలంతా చెక్కలు మోసి, సాయంత్రం స్కేట్లు కట్టుకుంటే మనిషి మారిపోయేవాడట. కుడివైపు గోడ వెంట ఆయన దూసుకొస్తుంటే ఆపడానికి ఇద్దరు కావలసి వచ్చేదని అమ్మ చెబుతుంది. తీరంలోని పెద్ద క్లబ్బు ఆయన్ని పిలవబోతోందని ఊరంతా అనుకుంటున్న చలికాలంలోనే ఆ స్ట్రోమ్‌నెస్ ఆట జరిగింది. తర్వాతి శనివారం మళ్లీ ఆడాడు. ఆ తర్వాతి వారమూ ఆడాడు. ఆట మాత్రం మునుపటిలా లేదు. పక్ అనే ఆ రబ్బరు బిళ్ల ఎటు పోతోందో తెలియక తడుముకున్నాడు. వెలుతురు కళ్లలో గుచ్చుకుంటోందని ఇంట్లో తెరలు దించుకుని పడుకునేవాడు. పెద్ద క్లబ్బు పిలుపు రాలేదు. వేగం తగ్గిందన్నారు, పెళ్లి ధ్యాసలో పడ్డాడన్నారు. పెళ్లి కాలేదు. రెండేళ్లకు స్కేట్లు విప్పేసి స్కూలు బస్సు నడపడం మొదలుపెట్టాడు.

స్కౌట్ పని చాలా తర్వాత వచ్చింది. అట్లాంటిక్ అవతలి పెద్ద జట్టొకటి, ఉత్తరాదిలో కుర్రాళ్లను వెతికిపెట్టమని ఆయన్ని పెట్టుకుంది. చలికాలమంతా మంచు దారుల్లో ఊరూరా తిరిగి రింకుల్లో కూచోవడం. జనం కూచునే వైపు కాకుండా ఎదురుగా పై మూల కూచునేవాడు. చప్పట్లు కొట్టేవాడు కాదు. గోల్ పడితే కొట్టినవాణ్ణి వదిలేసి, పక్ పోగొట్టుకున్నవాడు ఏం చేస్తున్నాడో చూసేవాడు.

“గోల్ కొట్టాక అందరూ మంచివాళ్లేనే అమ్మాయ్,” అనేవాడు నాతో.

కానీ ఇన్నేళ్లలో ఆయన చూపించిన ఒక్క కుర్రాణ్ణీ ఆ జట్టు తీసుకోలేదు. నాలుగేళ్ల కిందట చివరికి ఒకడు దొరికాడు, అదీ మా ఊళ్లోనే. విదార్. నర్సు కొడుకు. పదిహేడేళ్లు. పక్ పోతే తిట్టుకోడు, వెంటపడి తెచ్చుకుంటాడు. మామయ్య వాడి గురించి ఫోన్లు చేసి చేసి, స్టాక్‌హోమ్ నుంచి పై అధికారి ఉల్రిక్‌ను ఫిబ్రవరిలో ఒక శనివారం మధ్యాహ్నం ఆటకి రప్పించాడు. ఉల్రిక్ ఫోన్‌లోనే తేల్చి చెప్పేశాడట: ఈ కుర్రాడు నచ్చితే సరే, లేకపోతే వచ్చే ఏడాది నుంచి ఉత్తరాదికి వేరే మనిషి.

ఆ రోజు ఆడేది మళ్లీ స్ట్రోమ్‌నెస్‌తోనే. మామయ్య పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. స్టూరె ఊరుకుంటాడా?

“ఏంట్రా, పెళ్లిచూపులా?”

“నోర్ముయ్యి. వెళ్లి ఐస్ తుడుచుకో.”

“ఇవాళ ఎవరి బెంచీలో కూచుంటావో ముందే చెప్పు, దిండు వేయిస్తా.”

ఆటకి మూడు పీరియడ్లు. విదార్ మొదటి పీరియడ్‌లో ఒక గోల్, రెండో పీరియడ్‌లో ఒక గోల్ కొట్టాడు. ఉల్రిక్ కాఫీ కోసం నా దగ్గరికి వచ్చినప్పుడు మొహం వెలిగిపోతోంది. వెనకే వచ్చిన మామయ్యకు తనే దాల్చినచెక్క బన్ను కొనిచ్చాడు.

రెండో పీరియడ్ చివర్లో విదార్‌ని మూలలో గోడకేసి గుద్దారు. చప్పుడు కొట్టు దాకా వినిపించింది. వెంటనే లేచాడు. తన బెంచీ వైపే బయల్దేరాడు కానీ, గోడ మీద చేతి తొడుగు ఆనించి, మొదటినుంచీ చివరిదాకా దాన్ని రాసుకుంటూ వెళ్లాడు. మా బెంచీ దాటిపోయాడు. స్ట్రోమ్‌నెస్ బెంచీ తలుపు దగ్గర ఆగి, తెరవమన్నట్టు తట్టాడు.

రింకంతా నవ్వు. ఐస్ బండి దగ్గరి నుంచి స్టూరె కేక పెట్టాడు: “యెర్కరూ! నీ వారసుడొచ్చాడ్రోయ్!”

జనమంతా ఎదురు మూలనున్న మామయ్య వైపు చూశారు. ఆయన అలవాటుగా నవ్వు మొదలుపెట్టాడు. పెదాలు విడ్డాయి కూడా. అంతలో బన్ను పక్కన పెట్టేసి లేచాడు.

“కూచో యెర్కర్,” అన్నాడు ఉల్రిక్. “మనం చూడ్డానికొచ్చాం, కిందికి దిగడానికి కాదు.”

స్కౌట్ అన్నవాడు ఆట మధ్యలో బెంచీ దగ్గరికి పోడు. ఎవరూ నేర్పనక్కర్లేని మర్యాద అది. మామయ్య మెట్లు దిగిపోయాడు.

పీరియడ్ ముగిసి జట్టు లోపలికి వెళ్లింది. కోచ్ ఐస్ సంచీ అడిగితే పట్టుకెళ్లాను. విదార్ బల్ల మీద కూచుని స్కేట్ల వైపు చూస్తున్నాడు. మామయ్య వాడి ముందు నిలబడ్డాడు.

“రెండో గోల్‌కి పక్ అందించింది ఎవరు?”

విదార్ చాలాసేపు ఆలోచించాడు. “రెండో గోలా? నేనా కొట్టింది?”

కుర్రాళ్లు గొల్లుమన్నారు. “చాల్లేరా నీ వినయం!” అంటూ ఒకడు తువ్వాలు విసిరాడు. మా ఊళ్లో గోల్ కొట్టినవాడు నేను కొట్టానని చెప్పుకోడు. చెప్పుకుంటే వారం రోజులు బతకనివ్వరు. అందుకే అది వినయమే అనుకున్నారు. నేనూ అనుకున్నాను.

మామయ్య నవ్వలేదు. “వీడు మూడో పీరియడ్ ఆడడు.”

కోచ్ బిత్తరపోయాడు. “ఆడడానికేం? బాగానే ఉన్నానంటున్నాడుగా. పైనున్న పెద్దమనిషి వచ్చిందే వీడి కోసం. నువ్వే పిలిపించావు! నువ్వేమైనా డాక్టరువా?”

“కాదు. ఆ బెంచీలో కూచున్నవాణ్ణి.”

ఐస్ నున్నచేయడం ముగించుకుని వచ్చిన స్టూరె గుమ్మంలోనే ఆగాడు.

“అది మన బెంచీయే అనుకున్నాను,” అన్నాడు మామయ్య. “వాళ్లంతా నవ్వుతుంటే, మనం గెలిచాం కాబోలు అనుకున్నాను. ఇంటికి దారి తెలియలేదు. స్టూరె నన్ను కారెక్కించుకుని, దారంతా నవ్వుతూ దింపాడు. నేనూ నవ్వాను. ఇంకేం చేయాలో తెలియలేదు మరి. తర్వాతి వారం మళ్లీ దిగాను. అదీ నేను చేసింది.”

విదార్‌కి అప్పుడు సంగతి అర్థమైంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. “నీకు దక్కలేదని నాకూ దక్కనివ్వవా? బాగానే ఉన్నాను! అడుగు, ఇంకేదైనా అడుగు!”

మామయ్య ఇంకేమీ అడగలేదు. మోకాలు నొప్పితో మూలుగుతూ నేల మీద కూచుని, వాడి స్కేటు తాళ్లు విప్పడం మొదలుపెట్టాడు. వాడు కాలు గుంజుకున్నాడు. మామయ్య మళ్లీ పట్టుకున్నాడు. రెండో స్కేటు విప్పుతుండగా విదార్ ఆయన ఇస్త్రీ చొక్కా మీదే వాంతి చేసుకున్నాడు. కోచ్ ఇక మారు మాట్లాడకుండా వాళ్లమ్మకు ఫోన్ చేశాడు.

మెదడు అదిరిందని ఆసుపత్రిలో చెప్పారు. ఇంకో దెబ్బ తగిలుంటే ఏమయ్యేదో చెప్పలేమన్నారు. వసంతం దాకా విదార్ ఇంటి తెరలు దించే ఉన్నాయి.

ఉల్రిక్ మూడో పీరియడ్ కాసేపు చూసి విమానానికి వెళ్లిపోయాడు. ఏప్రిల్‌లో ఫోన్ వచ్చింది. మర్యాదగానే మాట్లాడాడట. కుర్రాళ్లను చూపించే మనిషి కావాలి గానీ దాచిపెట్టే మనిషి కాదన్నాడట. మామయ్య సరేనని పెట్టేసి, బంగాళాదుంపలు ఒలవడానికి వెళ్లాడు. ఆ వేసవిలో పెద్ద జట్లు ఎంచుకున్న కుర్రాళ్ల పేర్లలో విదార్ పేరు లేదు.

ఇప్పుడు విదార్ మళ్లీ ఆడుతున్నాడు. మామయ్యతో మాట్లాడడు. ఆయన కూచునే మూల కిందుగా పోయేటప్పుడు మాత్రం పైకి చూడకుండా హెల్మెట్ మీద ఒకసారి తట్టుకుంటాడు. అది కోపమో, ఇంకేదైనానో నాకు తెలియదు. మామయ్యను అడిగితే, “వాడికి తల ఉందని చెబుతున్నాడు, నయమేగా,” అన్నాడు. జీతమిచ్చేవాళ్లు లేకపోయినా ఆయన ఆ మూలనే కూచుంటాడు.

మొన్న శనివారం దక్షిణాది నుంచి వచ్చిన దంపతులు కాఫీ తీసుకుంటూ ఆ ఫోటో చూసి నవ్వారు. “ఇదేంటి, ఈయన దారి తప్పాడా?” అని అడిగాడు భర్త. స్టూరె వచ్చి నిలబడ్డాడు. టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

“ఆ రోజు ఇతనికి తలకి దెబ్బ తగిలింది,” అన్నాడు. “మేం నవ్వాం.”

ఆ దంపతులు కప్పుల్లోకి చూసుకున్నారు. వరసలో వెనక నిలబడి ఉన్న మామయ్య గొంతు సవరించుకున్నాడు.

“నీళ్లు తాగిన సంగతి వదిలేశావేంరా?”

“అది నువ్వు చెప్పుకో,” అని స్టూరె బండి దగ్గరికి వెళ్లిపోయాడు.