రిగ్గర్ లింబాద్రికి అమ్మిన మొదటి విల్లు

2007. దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ ప్రాంతంలో ఆటసామాన్లు అమ్మే ఒక దుకాణంలో పనిచేస్తున్నాను. స్టాకు లెక్కలు చూడటానికి చేరినవాణ్ణి. చమురు, గ్యాసు డబ్బు దేశాన్ని ముంచెత్తుతున్న కాలం అది. దోహాకు దక్షిణాన, ఫ్యాక్టరీలుండే మెసయీద్‌లో ఏ కంపెనీని చూసినా కొత్త ప్లాంటు కడుతూ ఉండేది. ప్లాంటుతో పాటు ఉద్యోగుల కోసం ఒక క్లబ్బు కూడా పెట్టేది. ఆ క్లబ్బులు క్యారమ్ బోర్డులతో మొదలై బ్యాడ్మింటన్ మీదుగా విలువిద్య దాకా వచ్చాయి. మా యజమాని ఒక కంటైనర్ నిండా విల్లులు తెప్పించాడు కానీ వాటి గురించి తెలిసినవాడు దుకాణంలో ఒక్కడూ లేడు. "నీకు లెక్కలొచ్చు కదా, ఇది కూడా లెక్కే" అని ఆ కౌంటర్ నాకు అప్పగించాడు.

ఆయన సరదాకి అన్నా, అది నిజంగానే లెక్క. నేను ఇంటర్ దాటి చదవలేదు. పెట్టెల్లో వచ్చిన పట్టికలు ముందేసుకుని, తప్పులు చేస్తూ, దిద్దుకుంటూ నేర్చుకున్నాను. కొనేవాడు విల్లు రంగు చూస్తాడు, నేను అతని చేతులు చూస్తాను. రెండు చేతులూ భుజాల ఎత్తున పక్కలకు చాచమని చెప్పి, ఒక మధ్యవేలి కొస నుంచి రెండో మధ్యవేలి కొస దాకా టేపు పెడతాను. వచ్చిన అంగుళాలను రెండున్నరతో భాగిస్తే డ్రా లెంగ్త్ సుమారుగా తెలుస్తుంది. ఆ మనిషి తాడును ఎంత వెనక్కి లాగాలో చెప్పే కొలత అది. అలా లాగటానికి పట్టే బలాన్ని డ్రా వెయిట్ అంటారు, పౌండ్లలో చెబుతారు. విల్లు మధ్యలో చేత్తో పట్టుకునే ముక్క రైజర్. దానికి పైనా కిందా బిగించే బద్దలు లింబ్స్. లింబ్స్ మారిస్తే అదే విల్లు తేలికవుతుంది, లేదా గట్టిపడుతుంది.

కొత్తవాళ్ళు దాదాపు అందరూ చేసే తప్పు ఒకటే. మొదటి విల్లే గట్టిది అడుగుతారు. సైటు పనివాళ్ళయితే మరీను. ఇనుప కడ్డీలు మోసే చేతులకు పద్దెనిమిది పౌండ్ల విల్లు ఇస్తే అవమానం చేసినట్టు చూస్తారు. గట్టి విల్లును ముక్కుతూ మూలుగుతూ లాగినవాడి భుజం నెల తిరక్కుండా పట్టేస్తుంది. వాళ్ళను తేలిక విల్లుకు ఒప్పించడమే నా ఉద్యోగంలో సగం పని.

అందుకే లింబాద్రి నాకు గుర్తుండిపోయాడు. ఒక గురువారం సాయంత్రం కౌంటర్ దగ్గరికి వచ్చి అతను అడిగిన మొదటి మాట:

"అన్నిట్ల తేల్కది ఏదున్నది సేటు?"

నలభైకి దగ్గర పడిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉన్నాడు. ఆర్మూరు దగ్గరి ఊరట. మెసయీద్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీలో రిగ్గర్. క్రేన్ ఎత్తబోయే బరువులకు బెల్టులు, గొలుసులు కట్టి, క్రేన్ నడిపేవాడికి చేతి సైగలతో దారి చూపేవాడే రిగ్గర్.

"పిల్లలకా?" అని అడిగాను.

"నాకే. ఏం, నేను గుంజొద్దా?"

చేతులు చాచమన్నాను. ఎడమ చెయ్యి తిన్నగా వచ్చింది. కుడి చెయ్యి నడుము దాటి కొంత లేచి ఆగిపోయింది. దాన్ని ఇంకా లేపటానికి ఒళ్ళంతా ఎడమకు వంచాడు. భుజం చెవి దాకా లేచింది కానీ చెయ్యి లేవలేదు. నేను టేపు పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"రాత్రి అడ్డం పండుకున్న, పట్టేసింది" అన్నాడు.

ఎడమ చెయ్యి ఒక్కటే ఛాతీ మధ్య నుంచి కొలిచి రెట్టింపు చేశాను. ముప్పై మూడు రెళ్ళు అరవై ఆరు. రెండున్నరతో భాగిస్తే ఇరవై ఆరున్నరకు కొంచెం తక్కువ. అరవై ఆరు అంగుళాల విల్లు, పద్దెనిమిది పౌండ్ల లింబ్స్ తీశాను. లింబ్స్ మీద రాసే పౌండ్లు ఇరవై ఎనిమిది అంగుళాలు లాగేవాడికి లెక్క. ఇతని చేతికి పదిహేను వస్తాయి. వేళ్ళకు తోలు తొడుగు, ముంజేతికి తాడు తగలకుండా ఒక పట్టీ, పొడవు కాస్త ఎక్కువ ఉంచి కోసిన ఆరు బాణాలు ఇచ్చాను. అతను ధర అడగలేదు. రంగూ చూడలేదు. ఒక్కటే అడిగాడు:

"దీన్ని గుంజితే కుడి బుజం పని చేస్తదా?"

"గుంజేది కుడి చెయ్యే కదా. భుజం, వీపు, రెండూ పని చేస్తాయి."

"గంతే చాలు."

అతని కంపెనీ క్లబ్బుకు విల్లులు అమ్మింది మేమే కాబట్టి, వాటిని సరిచూడటానికి శుక్రవారాలు నేనే మెసయీద్ వెళ్ళేవాణ్ణి. తర్వాతి వారం అక్కడ లింబాద్రి కనిపించాడు. క్యాంపు వెనక గోడ పక్కన గడ్డి కట్టలతో లక్ష్యం పెట్టారు. నేర్పేది స్టోర్ కీపర్ ఖాజా భాయ్. హైదరాబాదు మనిషి, నోరు ఊరుకోదు.

"ఏం మియా లింబాద్రి, ఈ బచ్చా కమాన్ తోని దోమల్ని కొడ్తవా?" అంటున్నాడు, అతని చేతిలోని చిన్న విల్లును చూపిస్తూ.

"దోమను గొట్టుడే కష్టం భాయ్. ఒంటెను ఎవడన్న గొడ్తడు."

అందరూ నవ్వారు. లింబాద్రి కూడా నవ్వాడు. తర్వాత నా పక్కకు వచ్చి, చిన్న గొంతుతో, తన కథ నాలుగు మాటల్లో చెప్పాడు.

మూడు నెలల కింద ఒక పైపు జారబోతే కుడి చేత్తో గొలుసు పట్టి ఆపాడు. భుజంలో ఏదో పుటుక్కుమంది. ఎవరికీ చెప్పలేదు. అప్పటి నుంచి క్రేన్‌కు ఎడమ చేత్తోనే సైగ చేస్తున్నాడు. కంపెనీ క్లినిక్‌లో ఒక మలయాళీ నర్సు, తెలిసిన మనిషి, కాగితం మీద పెట్టకుండా సలహా చెప్పింది: రబ్బరు పట్టీ కట్టుకుని రోజూ లాగు, కండ గట్టిపడుతుంది అని. కానీ గదిలో ఎనిమిది మంది. రబ్బరు పట్టీ పట్టుకుని మూల కూర్చున్నవాణ్ణి ఎవడైనా ఏమైందని అడుగుతాడు. ఆ మాట ఫోర్‌మన్ దాకా పోతుంది. కాంట్రాక్టు తిరగరాసే ముందు ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. అందులో చెయ్యి లేవని రిగ్గర్‌ను ఊరికి పంపేస్తారు.

"విల్లు గుంజితే ఆట అంటరు అన్నా. బీమారి అనరు."

నేను అంతకు ముందు అలాంటి కారణం వినలేదు. ఆ క్లబ్బులో ఆటకని వచ్చేవాళ్ళను చూశాను, మేనేజర్ కంట పడటానికి వచ్చేవాళ్ళను చూశాను. చెయ్యి దాచుకోవటానికి వచ్చింది ఇతనొక్కడే.

"హాస్పిటల్‌కి వెళ్ళు, ముందు లోపల ఏమైందో తెలుసుకో" అన్నాను.

"పోతే కాయిదం కంపెనీకి పోతది. కాయిదం పోయిన దినమే నా టికెట్ గూడ తయారైతది. నువ్వు లెక్కలు తెలిసినోనివి గద, నువ్వే చెప్పు. పోవాల్నా?"

నేను నా సంచిలోంచి కొలత బాణం తీశాను.

చేతనైనది చేశాను. కొలత బాణం అని ఒకటి ఉంటుంది. దాని ఒంటి మీద అంగుళాల గీతలు ఉంటాయి, ఎంత లాగాడో చూడగానే తెలుస్తుంది. మొదటి రోజు లింబాద్రి ఇరవై మూడు దాకా లాగి, పళ్ళు బిగించి, ఆగాడు. తాడు గడ్డానికి తాకాలంటే ఇరవై ఆరు రావాలి. మోచెయ్యి కిందికి జారకుండా వీపుతో లాగటం నేర్పాను. ఇరవై నాలుగు వచ్చింది. ఇరవై అయిదు వచ్చింది. ఒక శుక్రవారం తాడు గడ్డానికి తాకింది, బాణం వెళ్ళి గడ్డి కట్ట మధ్యలో దిగింది. అతను విల్లు కిందికి దించాడు.

"ఇడిసిపెట్టినంక చెయ్యి చెయ్యి లెక్క లేదన్నా. దూది లెక్క ఉన్నది" అన్నాడు.

ఆ రోజు అతను టీ తాగించాడు. బాగుపడుతున్నాడని నేనూ నమ్మాను. అంకెలు పెరుగుతుంటే నమ్మని వాణ్ణి కాను నేను.

తర్వాతి వారం ఇరవై అయిదు. అలసట అనుకున్నాను. ఆ పై వారం ఇరవై నాలుగు. లింబ్స్ మార్చి పదహారు పౌండ్లవి పెట్టాను. ఇరవై మూడు. పద్నాలుగు పౌండ్లవి పెట్టాను, అవి నిజంగానే పిల్లలవి. ఇరవై రెండుకు చెయ్యి వణకటం మొదలైంది. వేలి పట్టు మార్చాను, నిలబడే తీరు మార్చాను, తాడు బిగువు చూశాను. ఏ పట్టిక చూసినా విల్లు బలం తగ్గిస్తే లాగే దూరం పెరగాలి. ఇక్కడ రెండూ కలిసి తగ్గుతున్నాయి. అంటే తప్పు విల్లులో లేదు. నేను సరిచేయగలిగినవన్నీ విల్లులోవే.

ఆ సాయంత్రం ఖాజా భాయ్ మా పక్కనే నిలబడి చూస్తున్నాడు. వెటకారం ఏదో నోటి దాకా వచ్చినట్టుంది. లింబాద్రి ముఖం చూసి మింగేశాడు. బాణాలు తనే ఏరుకొచ్చి ఇచ్చాడు. లింబాద్రి నన్ను గోడ పక్కకు పిలిచాడు.

"ఖాజా భాయ్ ఇయ్యాల నన్ను ఒక్క మాట గూడ అనలే. ఆయనకు ఎర్కైంది."

"ఆయన ఎవరికీ చెప్పడు."

"చెప్పడు. గని ఎర్కైంది గద. అంటె కనవడుతున్నది. డాక్టర్‌కు కనవడదా?"

పరీక్ష ఇంకా కొన్ని వారాలు ఉందనగా అతను ఒక ఉపాయం చేశాడు. ఒళ్ళు ఎడమకు వంచి, భుజం ఎగదోసి, ఒక ఊపుతో చెయ్యి పైకి విసిరితే తల దాకా వెళ్ళేది. అక్కడ కాసేపు నిలిచేది. స్నానాలగది తలుపుకు గడియ పెట్టుకుని అద్దం ముందు అదే సాధన. విల్లు పట్టుకోవటం మానేశాడు. "అన్నా, ఎట్ల కనవడుతున్నదో చూడు" అని నా ముందు కూడా చేసి చూపించాడు. బాగా చేశాడు. తెలియనివాడు మోసపోతాడు. కానీ చెయ్యి దించేటప్పుడు అది దిగలేదు, పడింది.

పరీక్ష రోజు సాయంత్రం ఖాజా భాయ్ ఫోన్ చేశాడు.

"డాక్టర్ ఒక్కటే అడిగిండు భాయ్. చెయ్యి పక్కకు చాపి, మెల్లగ పైకి తే అన్నడు. మెల్లగ అన్నడు. లింబాద్రి ఊపుతోని లేపబోతే, ఆ భుజం మీద చెయ్యి పెట్టి ఆపిండు. అంతే. ఖలాస్."

"ఇప్పుడు ఎక్కడున్నాడు?"

"గదిలో. సామాను కట్టుకుంటుండు."

నేను మెసయీద్ వెళ్ళేసరికి కంపెనీ బండి అతన్ని ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్ళిపోయింది. గదిలో ఉన్న మిగతా ఏడుగురూ నేనెవరో తెలియక నా వైపు చూశారు. విల్లు అమ్మినవాణ్ణని చెప్పకుండానే వెనక్కి వచ్చేశాను.

కొన్ని నెలల తర్వాత అతనే ఫోన్ చేశాడు. నిజామాబాదులో పెద్ద డాక్టరుకు చూపించుకున్నాడట. స్కానింగ్ ఫోటో తీశారట. భుజంలో కండను ఎముకకు పట్టి ఉంచే నరం లాంటిది తెగి, లోపలికి ముడుచుకుపోయిందట.

"మొదట్ల వస్తే కుట్టేటోళ్ళమన్నడు. ఇప్పుడు అందది అన్నడు."

"విల్లు లాగినందుకు ఇంకా చెడిందా?" అని అడిగాను. ఆ ప్రశ్న అడగటానికి చాలా కష్టపడ్డాను.

"నేను గూడ అదే అడిగిన. గుంజినా గుంజకపోయినా తెగింది తెగిందే అన్నడు. నువ్వు పరేషాన్ గాకు."

ఇప్పుడేం చేస్తున్నావని అడిగాను. భార్య బీడీలు చేస్తుందని, తను పక్కన కూర్చుని ఆకు కత్తిరించి ఇస్తున్నానని చెప్పాడు. "కూసోని చేసేదే. చెయ్యి లేపుడు ఉండది" అన్నాడు. ఊళ్ళో వాళ్ళు, గల్ఫ్ అంతా వాళ్ళకు దుబాయే, దుబాయ్ నుంచి ఎందుకు తిరిగొచ్చినవ్ అని అడుగుతారట. కాంట్రాక్టు అయిపోయిందని చెబుతున్నాడట. అక్కడ కూడా దాస్తున్నాడు.

ఆ తర్వాత ఆ లెక్కను నేను అనేకసార్లు మొదటి నుంచి చేసి చూశాను. పైపు జారిన రోజే హాస్పిటల్‌కు వెళ్ళి ఉంటే? కాగితం కంపెనీకి చేరేది, కుట్లు పడకముందే టికెట్ వచ్చేది. కుట్టించుకుని ఇక్కడే ఉండి ఉంటే? కుట్టిన భుజంతో నెలల తరబడి పని చేయనివాణ్ణి గదిలో ఉంచుకునే కంపెనీ కాదు అది. చెప్పకుండా దాచితే? దాచాడు, చూశాం కదా. మూడు దారులకూ జవాబు ఒకటే, ఊరికి టికెట్. ఎక్కడ పొరపడ్డానో అని వెతికాను. ఎక్కడా పొరపాటు లేదు. జవాబు నచ్చకపోతే లెక్క తప్పై ఉంటుందని అంతవరకూ నమ్మిన మనిషిని నేను. ఆ నమ్మకం పోయింది.

ఈ కేసు నాకు నేర్పింది పెద్దదేమీ కాదు. సైటు పనివాడు ఎవరైనా వచ్చి తేలికైన విల్లు అడిగితే ఇప్పుడు నేను టేపు తీయను. భుజం ఎప్పటి నుంచి నొప్పి అని నేరుగా అడుగుతాను. దగ్గర్లో ఉన్న హాస్పిటల్ పేరు చెప్పి, ముందు అక్కడ చూపించుకు రమ్మంటాను. అలా చూపించుకుని వచ్చినవాడు ఇంతవరకూ ఒక్కడూ లేడు. ఒకతను బయటికి వెళ్ళి, కాసేపు రోడ్డు మీద నిలబడి, వీధి చివర ఉన్న ఇంకో ఆటసామాన్ల దుకాణంలోకి వెళ్ళటం గాజు తలుపులోంచి చూశాను. అక్కడ ఎవరూ ఏమీ అడగరు.