పసుపు పూసిన గుంజ

నాకు కోపం ఎక్కువ. రాజోలు బడిలో నేను పాఠం చెబుతుంటే వీధిన పోయేవాళ్ళు కూడా చేతులు కట్టుకుని నిలబడతారని నా వెనక చెప్పుకునేవారు. అలాంటి నా దగ్గరికి ఒక వేసవిలో పెద్ద తరగతి కుర్రాళ్ళు ముగ్గురు వచ్చి ఓ ప్రశ్న వేశారు. ముగ్గురికీ మీసాలొచ్చాయి, పెళ్ళిళ్ళయ్యాయి.

"పంతులుగారూ, ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టేక గోదారి ఇసక అక్కడే ఆగిపోతోందంటున్నారండి. ఇసక రాకపోతే సముద్రం ఒడ్డుని తినెయ్యదాండీ?"

నాకు తెలియదు. తెలియదనడం నాకు అలవాటు లేదు గానీ, ఆ రోజు అన్నాను.

"అయితే మేమే కొలుస్తామండి" అన్నాడు వాళ్ళలో పొడుగాటివాడు. ఆలోచన వాడిది, పట్టుదలా వాడిదే.

చదువుకోమని పంపితే సముద్రం కొలిపిస్తావా అని వాళ్ళ తండ్రులు నా మీదికి వచ్చారు. నేనూ తగ్గలేదు, అరుగు మీద నిలబడి నాలుగూ దులిపేశాను. ఒడ్డున గుంజలు నాటుకోవడానికి తాసీల్దారుగారి అనుమతి తెచ్చాను. ధాన్యం పడవవాణ్ణి బతిమాలి, అమావాస్య అమావాస్యకీ కుర్రాళ్ళని దింపి తీసుకొచ్చేలా ఒప్పించాను. ఎప్పుడైనా నేనూ వెళ్ళేవాణ్ణి. అంతకుమించి నేను చేసిందేమీ లేదు.

గోదారి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోట చేపలు పట్టుకునేవాళ్ళ పేట ఒకటుండేది. అలలు ఏటేటా దగ్గరికొస్తున్నాయని అక్కడ సగంమంది ఇసకదిబ్బ వెనక్కి వెళ్ళిపోదామనేవారు. పేటకి పెద్ద ఒక ముసలామె. ఆమె కదలనంది. ఆమె కదలకపోతే పేట కదలదు. ఆమె కొడుకు తెప్ప మీద వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. ఏళ్ళు గడిచాయి. శవం చూడందే నమ్మనని, వాడికి దినవారాలు కూడా చెయ్యనివ్వలేదు.

"నీళ్ళ మీంచి చూస్తే మా ఇల్లు కనపడాలండి. దిబ్బ వెనకాలకెళితే ఎలా కనపడద్ది?" అంది నాతో.

ఆమెతో నేను వాదించలేదు. వాదించే మొహం కాదది. పొడుగాటివాడు మాత్రం ఆమె ముందు చతికిలబడి కూర్చుని, తాము చెయ్యబోయేది విడమర్చి చెప్పాడు. ఒడ్డున తాటి గుంజలు నాటుతారు. అమావాస్య పోటు వచ్చినప్పుడు గుంజ నుంచి నీటికి ఎంత దూరముందో ముడుల తాడుతో కొలుస్తారు. దూరం తగ్గుతుంటే సముద్రం వస్తున్నట్టు. వర్షాలు వెళ్ళాక, తుపాన్ల రోజులకి ముందే, ఉండాలో వెళ్ళాలో పేటకి చెబుతారు.

"మీ గుంజ ఏం చెబితే అదేనండి" అంది ముసలామె. పేటంతా విన్నారు.

రెండో అమావాస్యకి నేను వెళ్ళేసరికి గుంజలకి పసుపు పూసి, కుంకం పెట్టి, మొదళ్ళలో వేపరొబ్బలు గుచ్చి ఉన్నాయి. నీళ్ళ ఒడ్డున నిలబెట్టినదేదైనా వాళ్ళకి గంగమ్మే. నా కోపం నషాళానికంటింది. ఇదేమైనా గుడా అని కేకలు వేయబోతే పొడుగాటివాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"పోనివ్వండి. పూజ చేస్తే పొయ్యిలోకి పీక్కుపోరు కదండీ."

నిజమే కదా అనిపించింది. వాడి తెలివికి లోలోపల మురిసిపోయాను కూడా.

వర్షాకాలమంతా కొలతలు సాగాయి. కుర్రాళ్ళు వానలో తడిసి, అరటాకులు నెత్తిన కప్పుకుని, తమ వంట తాము వండుకుని తిన్నారు. ఒకడికి జ్వరం తగిలి చిక్కి సగమయ్యాడు, అయినా మానలేదు. ప్రతిసారీ తాడు ఒకే ముడి దగ్గర ఆగేది. ఒడ్డు చెక్కుచెదరలేదు. చివరి కొలత కాకుండానే ముసలామె మొహంలో ధైర్యం వచ్చేసింది. పేటలోవాళ్ళు పాత కప్పులకే కొత్త తాటాకు వేయించుకోవడం మొదలుపెట్టారు.

చివరి అమావాస్యకి నేనూ ఉన్నాను. కొలిచారు. అదే ముడి. పొడుగాటివాడు తాడు చుట్టబోతూ ఆగిపోయాడు. అలల్లోకి చూస్తున్నాడు. అక్కడ ఒక తాటిచెట్టు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉంది.

"పంతులుగారూ, గుంజ నాటిన రోజున ఆ చెట్టు మన వీపు వెనకాల ఉందండి. దాని నీడలో కూర్చుని అటుకులు తిన్నాం. చెట్టు నడిచిందాండీ?"

గంప నెత్తినెత్తుకుని వెళ్తున్న ఒక ఇల్లాలిని ఆపి, గుంజలెవరైనా కదిపారా అని అడిగాను. ఆమెకి నా కంగారు అర్థం కాలేదు.

"అమ్మ పాదాల దాకా నీళ్ళొచ్చేత్తే ఊరుకుంటామాండీ? ఎనక్కి తెచ్చుకుంటన్నామండి. మీ లెక్క చెడకుండా, ముందెంత దూరంలో ఉందో కొలిచి, అంత దూరంలోనే నిలబెడతన్నామండి."

ఓరి భగవంతుడా! ఎంత భక్తి, ఎంత శ్రద్ధ! ఎవర్ని తిట్టను? పొడుగాటివాడు నా కోసం ఆగలేదు. తిన్నగా పేట మధ్యకి వెళ్ళి అందర్నీ పిలిచాడు.

"మా కొలత తప్పండి. ఒడ్డు కరిగిపోతోంది. మీరు వెళ్ళిపోవాలి."

కొందరు నవ్వారు. అప్పుడే తాటాకు కప్పించినవాడొకడు, బడి చదువులంటే ఇంతేగా అన్నాడు. కుర్రాడు తల దించుకున్నాడు గానీ అక్కణ్ణించి కదలలేదు.

ముసలామె మాత్రం నవ్వలేదు. ఆడవాళ్ళ వైపు తిరిగింది.

"అమ్మ ఎన్నిసార్లు ఎనక్కొచ్చిందే?"

"పోటు పోటుకీ, అత్తా."

ఆమె సముద్రం కేసి చూసింది. మేమంతా ఆమె కేసి చూస్తున్నాం. ఆమె ఏమంటే అదే.

"అమ్మే ఎనక్కి నడిచింది. కూకోడానికి నేనెవర్తినండీ?" అంది.

వెళ్ళి తన గుడిసె చూరు తనే పట్టి లాగింది. పేటంతా ఎవరి చూరు వాళ్ళు పట్టారు. కుర్రాళ్ళు ముగ్గురూ అంటూ ముట్టూ చూసుకోకుండా వాసాలు మోశారు. ఇంటికెళ్ళాక దానికీ చీవాట్లు తిన్నారు. నేను కుండలు మోశాను.

కార్తీకం వెళ్ళకుండానే గాలి లేచింది. రాజోల్లోనే కొబ్బరిచెట్లు మొవ్వులు విరిగి పడ్డాయి. దారులు తేలగానే కుర్రాళ్ళనీ వెంటబెట్టుకుని పరుగున వెళ్ళాను. పేట ఉన్న చోట పేట లేదు, నేలా లేదు, మట్టిరంగు నీళ్ళున్నాయి. దిబ్బ వెనక కొన్ని కప్పులు లేచిపోయాయి గానీ మనుషులంతా ఉన్నారు. పొడుగాటివాడు ఇసకలో కూలబడి ఏడ్చేశాడు. నాకూ కళ్ళు తడిశాయి, దాచుకోలేదు.

ముసలామె మమ్మల్ని చూసి లేచి వచ్చింది.

"నీ మాట వల్ల ఇంతమంది బతికారమ్మా" అన్నాను.

"ఆయ్. అందరూ బతికేరండి" అంది. కొంగు భుజం చుట్టూ కప్పుకుంది. "పంతులుగారూ, మీకు పంచాంగం తెలుసు కదండీ. మా వోడికి దినం చెయ్యాలి. మంచిరోజు చూసి చెబుదురూ."