పెద్ద కెమెరా బరువు

మా తిరువూరులో పెళ్లిళ్లకు ఫొటోలు తీసే ఆయన్ను తలుచుకుంటే ముందు బొటనవేలే గుర్తొస్తుంది. మాట్లాడుతూనే దాన్ని మెడ మీది కెమెరా బెల్టు కింద దూర్చి, కాసేపు బరువు ఎత్తిపట్టి, మళ్లీ వదిలేసేవాడు.

మెడ బాగా పట్టేసి డాక్టరు కోప్పడ్డాక చిన్న కెమెరా కొన్నాడు. దానికీ లెన్సులు మార్చుకోవచ్చు. ఫొటోలు పాత పెద్దదాని కంటే బాగా వస్తాయి. "మెడలో ఉన్నట్టే ఉండదండి," అంటూ నా చేతిలో పెట్టి మురిసిపోయాడు.

వినగడపలో మా చెల్లి పెళ్లికి దాంతోనే వచ్చాడు. తాళి కట్టే వేళకు మండపం చుట్టూ సెల్‌ఫోన్లు మూగాయి. "కొంచెం జరగండమ్మా," అంటూ ముందుకు వెళ్లబోతే, పెళ్లికొడుకు తరఫు పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగవయ్యా, ముందు ఫొటోగ్రాఫర్‌ని రానీ."

ఈయనేనని నేను అరిచి చెప్పేసరికి రెండు ముళ్లు పడిపోయాయి. చెల్లి ఆల్బమ్‌లో మూడో ముడి ఒక్కటే ఉంది.

ఈ మధ్య విస్సన్నపేటలో ఒక పెళ్లిలో మళ్లీ కనిపించాడు. మెడలో పాత పెద్ద కెమెరా వేలాడుతోంది. దాన్ని చూసి జనం దారిస్తున్నారు. ఫొటోలు మాత్రం చేతిలోని చిన్నదాంతోనే తీస్తున్నాడు.

భోజనాల దగ్గర అడిగాను. "మరి మెడనొప్పో?"

బెల్టు కింద బొటనవేలు దూర్చాడు.

"పెద్దదాంట్లో బ్యాటరీ తీసేశానండి. ఆ మాత్రం బరువు తగ్గింది."