దోహాలో మిరుగం చేపలు

ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలో మా ఎదురింటి మిచికో గారు నెలాఖరుకు జపాన్ వెళ్ళిపోతానన్నారు. చమురు ధరలు పెరిగి ఊరంతా క్రేన్లు లేచిన రోజులు. భర్తకు గ్యాస్ ప్రాజెక్టులో ఊపిరాడని పని. ఆవిడకు మాత్రం ఇక్కడ కాలం కదలడం లేదట. వాళ్ళ పాత పంచాంగంలో ఏడాదికి డెబ్భై రెండు చిన్న కాలాలు, ఒక్కొక్కటి ఐదేసి రోజులు. "ఇప్పుడు మా ఊళ్ళో గొల్లభామలు గుడ్లలోంచి బయటికొస్తాయి. ఇక్కడ కిటికీ తీస్తే ఎప్పుడూ అదే ఎండ," అన్నారు. ఈ ఊళ్ళో నాకు స్నేహితురాలంటూ ఉన్నది ఆవిడొక్కరే. మాకూ కార్తెలున్నాయని, రేపే మృగశిర, మా వాడుకలో మిరుగం అని చెప్పి, శుక్రవారం తెల్లవారుతూనే అబూ హమూర్ చేపల మార్కెట్‌కు బయల్దేరదీశాను.

టాక్సీలో ఇరవై నిమిషాలు, పన్నెండు రియాళ్ళు. మార్కెట్ లోపలంతా తెలుగే వినిపిస్తోంది. మా నిజామాబాద్ వైపు మిరుగం నాడు చేపలు వండని ఇల్లు అరుదు. లుసైల్‌లో పనిచేసే జగిత్యాల లచ్చన్న తమ లేబర్ క్యాంపు గదికి సరిపడా షేరి చేపలు బేరమాడుతున్నాడు.

"కొర్రమట్టలు దొరకలేదా తమ్మీ?"

"ఈడ ఏడ దొరుకుతయక్కా! గివే కొర్రమట్టలు అనుకోవాలె. మా అవ్వకు గల్ఫంత దుబాయే. ఫోన్ జేసి 'దుబాయ్‌ల వాన పడ్డదా బిడ్డా' అని అడుగుతది. ఏం జెప్పాలె?"

వాన లేకుండా ఈ పండగేమిటని మిచికో గారు ఇంగ్లీషులో అడిగారు. లచ్చన్నకు తెలుగులో చెప్పాను.

"వాన మాఫీ, లేకుంటేంది, మిరుగం మిరుగమే. ఈడ గుర్తు వేరే ఉంటదని చెప్పక్కా. చన్నీళ్ళ నల్లా తిప్పితే కాగిన నీళ్ళు రావాలె!"

ఆ మాట ఇంగ్లీషులో చెప్తే ఆవిడ నవ్వబోయి ఆగిపోయారు. "మా ఇంట్లోనూ అంతే. కుళాయి పాడైందనుకుని మొన్న మనిషిని పిలిపించాను." తర్వాత పంచాంగం చదువుతున్నట్టు నెమ్మదిగా అన్నారు: "చన్నీటి కుళాయి వేడెక్కును."

రెండు కిలోల షేరి ఇరవై రియాళ్ళకు తీసుకుని టాక్సీ ఎక్కాం. దారి పొడవునా ఖర్జూర గెలలు పచ్చిగా వేలాడుతున్నాయి.

"ఇవెప్పుడు పసుపెక్కుతాయి?" అని అడిగారావిడ.

"ఇంకో నెల పట్టొచ్చు."

"అయితే టికెట్ అవి చూశాకే."

"పసుపెక్కాక?"

"తర్వాతి కాలం ఏమిటో మీరే చెప్పాలి," అన్నారు.

ఇన్నేళ్ళూ ఈ వేసవిని నేను ఒకే ముద్దగా గడిపేశాను. ఆవిడను ఆపాలని వెళ్ళినదాన్ని, ఇప్పుడు రోజూ కిటికీ దగ్గర నిలబడుతున్నాను. ఆవిడకు చెప్పడానికి ఏదో ఒకటి కనబడాలి కదా. మీరూ వెళ్ళాలనుకుంటే ఐసు పెట్టె వెంట తీసుకెళ్ళండి, ఐదున్నర లోపే చేరండి. ఆలస్యమైతే మిరుగం నాడు మన క్యాంపుల వాళ్ళు ఒక్క షేరినీ మిగల్చరు.