పెద్దమ్మ కత్తికి నల్ల పిడి

మా అక్కను వీధిలో అందరూ పిడుల పిన్ని అంటారు. నాకు తోటికోడలు. పెళ్లయి ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచి నేను మాత్రం అక్కా అనే పిలుస్తున్నాను. మా ఇద్దరి దుకాణమూ ఒకే గది. వీధి వైపు కిటికీ కింద నా కుట్టుమిషను, వెనక గోడకు ఆనుకుని ఆమె బల్ల. అక్క కత్తులు అమ్మదు, పదును కూడా పెట్టదు. ఊడిన పిడి, విరిగిన పిడి, చేతిలో ఇమడని పిడి: ఆమె పనంతా పిడులతోనే.

ఈ పని మా మామయ్యది. ఆయనకు చూపు తగ్గుతున్న రోజుల్లో అక్క కొత్త కోడలు. కొడుకులిద్దరిలో ఒకరు బస్సు నడుపుతారు, ఇంకొకరు గోడలకు రంగులు వేస్తారు. ఆ బల్ల వైపు చూసే తీరిక ఎవరికీ లేదు. దుకాణం మూసేద్దామని మామయ్య అన్న రోజు అక్క తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి, "నేను చూస్తాను మామయ్యా. మీరు పక్కన కూర్చుని తిట్టండి, చాలు" అంది. ఆయన రెండేళ్లు పక్కన కూర్చున్నారు. తిట్టవలసిన చోటల్లా మొహమాటం లేకుండా తిట్టారు. ఇప్పుడు ఆయన లేరు గానీ, కత్తి చేతికి రాగానే ముందు దాన్ని వాడే మనిషి చెయ్యి చూడాలన్న ఆయన అలవాటు అక్కకు అలాగే ఉండిపోయింది.

అలా చూసిన చేతుల్లో చేపల మార్కెట్ పెద్దమ్మది ఒకటి. ఇరవయ్యారేళ్లుగా ఆమె మంచులోంచి చేపలు తీసి, కోసి, శుభ్రం చేసి ఇస్తోంది. ఆమె కత్తి కర్ర పిడి ఏడాదికి రెండుసార్లు మా దుకాణానికి వచ్చేది. రోజంతా తడిలో నానిన కర్ర ఉబ్బుతుంది, ఆరితే పగులుతుంది. ఆ పగుళ్లలో నీచు దూరితే ఎంత కడిగినా వాసన పోదు.

ఆ రోజు పెద్దమ్మ కత్తిని గుడ్డలో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టింది.

"దీనికి పిడి వెయ్యకమ్మాయ్. నువ్వే ఉంచుకో. ఎవరికైనా పనికొస్తే ఇచ్చెయ్."

"అదేంటి పెద్దమ్మా?"

పెద్దమ్మ కుడిచెయ్యి చాపింది. వేళ్ల కణుపులు వాచి గుండ్రంగా ఉన్నాయి. పిడికిలి సగానికే ముడుచుకుంటోంది. "డాక్టరు బరువు తగ్గించమన్నాడు. నాది కాదు, కత్తిది" అని నవ్వింది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. "పొద్దున ఓ పెద్ద చేప కోస్తుంటే చేతిలోంచి జారి కాలి పక్కన పడింది. ఇంక చాల్లే అనిపించింది."

అక్క ఆ చేతిని తన చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూసింది. "ఒక్క నెల ఆగండి. అప్పటికీ వద్దంటే అప్పుడు చూద్దాం" అంది.

ఆగమనైతే అంది గానీ, ఏం చెయ్యాలో ఆమెకే తెలియదు. కర్ర వేస్తే మళ్లీ ఉబ్బుతుంది. ఇనుము బరువు. వీధి చివర పందెం సైకిళ్లు బాగుచేసే ఒకతను ఉన్నాడు, అందరూ సైకిల్ డాక్టరు అంటారు. మర్నాడు అక్క అతని దగ్గరకు వెళ్తుంటే నేనూ వెంట వెళ్లాను. అతను విరిగిన సైకిల్ గొట్టం ముక్క ఒకటి అక్క చేతిలో పెట్టాడు. నల్లగా ఉంది, బరువే లేదు.

"కార్బన్ ఫైబర్ పిన్నీ. ఇదీ ఓ గుడ్డే. నల్లటి దారాలతో నేసిన గుడ్డను రెజిన్ జిగురులో తడిపి, పొరలు పొరలుగా పేర్చి ఆరబెడితే ఇలా రాయిలా అవుతుంది. నీళ్లు పీల్చదు, ఉబ్బదు, కుళ్లదు."

"మరి కొయ్యడం, అరగదీయడం?"

"అక్కడే జాగ్రత్త. నుసి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. మూతికి మాస్కు కట్టుకుని, నీళ్లు పోస్తూ అరగదియ్యి. పొడిగా మాత్రం ముట్టుకోకు."

గుడ్డ అనగానే ఆ పని నా మీద పడింది. నా మంచి కత్తెరతో పన్నెండు ముక్కలు కత్తిరించేసరికి దాని పదును కాస్తా పోయింది.

"నీ కత్తి సోకు కోసం నా కత్తెర నోరు కొట్టావు కదే అక్కా!" అన్నాను.

"నీ కత్తెరకు కూడా పిడి వేస్తాలే, ఊరుకో" అంది, రెజిన్ కలుపుతూ.

రెండు పలకల మధ్య పొరలు పేర్చి, మీద నా ఇస్త్రీ పెట్టె, పిండి డబ్బా, దొరికిన బరువల్లా పెట్టి ఒక రోజంతా వదిలేశాం. గట్టిపడ్డాక అక్క దాన్ని కోసి, నీళ్లలో అరగదీసి, కత్తికి రెండు వైపులా అతికించి ఇనుప మేకులు దిగ్గొట్టింది. చివరకు అద్దంలా మెరుగు పెట్టింది. లోపలి నేత చేప పొలుసుల్లా తళతళలాడింది. అంత ముచ్చటైన పిడి ఆమె బల్ల మీద నేనెన్నడూ చూడలేదు. ఆమె మొహం కూడా అలాగే వెలిగింది.

పెద్దమ్మ కత్తిని ఎత్తి, తూచినట్టు ఊపి, "ఇది పిడా, ఈకా పిల్లా?" అంది. "నీళ్లకేమన్నా అవుతుందా?"

"ఏమీ కాదు పెద్దమ్మా. నీళ్లు దీన్నేం చెయ్యలేవు" అంది అక్క గర్వంగా.

మూడో రోజే పెద్దమ్మ తిరిగొచ్చింది. చేప జిగట అంటుకుంటే ఆ మెరుగు పిడి సబ్బుబిళ్లలా జారిపోతోందట. సిమెంటు నేల మీద పడి ఒక మూల చిట్లింది కూడా. అక్క మెరుగంతా తీసేసి పైభాగాన్ని గరుకు చేసింది, చిట్లిన అంచు నున్నగా అరగదీసి రెజిన్‌తో మూసింది. ఆ మాత్రానికి ఆమెకేమీ అనిపించలేదు. అసలు దెబ్బ నెల తర్వాత తగిలింది.

ఈసారి పెద్దమ్మ వస్తూనే కత్తిని బల్ల మీద పెట్టింది. నల్ల పిడి చెక్కుచెదరలేదు. కానీ మేకుల చుట్టూ తుప్పు. పిడికీ ఉక్కుకూ మధ్య అతుకు వెంట ఎర్రటి గీత. ఒక వైపు పలక లేచి గోరు దూరేంత సందు వచ్చింది.

"ఎలా వాడారు పెద్దమ్మా?"

"నీళ్లకేం కాదన్నావుగా. కోత అయ్యాక ఉప్పునీళ్ల బకెట్లో పడేసి పోయేదాన్ని. తెల్లారి తీసుకునేదాన్ని."

పెద్దమ్మ వెళ్లాక అక్క పట్టపగలే షట్టరు సగం దించి స్టూలు మీద కూలబడింది.

"ఆమె తప్పేం లేదే. నేనే అన్నాను ఏమీ కాదని. నాకు తెలిసింది సగమే, చెప్పింది మాత్రం మొత్తం తెలిసినట్టు."

నేను ఓదార్చబోయాను. అంతలో ఆమే లేచి, "పద, తెలియని సగం అడిగొద్దాం" అంది.

సైకిల్ డాక్టరు తుప్పు చూడగానే తల పట్టుకున్నాడు. "తప్పు నాది పిన్నీ, చెప్పడం మర్చిపోయాను. కార్బన్‌నీ ఉక్కునీ నేరుగా ఆనించి మధ్యలో ఉప్పునీళ్లు చేరనిస్తే, ఉక్కు మామూలు కన్నా తొందరగా తుప్పు పట్టిపోతుంది. కార్బన్‌కి మాత్రం ఏమీ కాదు. పక్కవాడికే చేటు."

"అయితే రెండూ తాకకూడదు" అంది అక్క.

"కోటుకు లైనింగ్ వేసినట్టు మధ్యలో ఇంకేదైనా గుడ్డ వేస్తే?" అన్నాను నేను, ఊరికే.

అతను నావైపు చూసి పెద్దగా నవ్వాడు. "మేం చేసేది అదే చిన్న పిన్నీ! గాజు దారాలతో నేసిన గుడ్డ ఉంటుంది, అదొక పొర." లోపలికి వెళ్లి ఆ గుడ్డతో పాటు సన్నటి టైటానియం కడ్డీ ముక్కలు తెచ్చాడు. వాటికి తుప్పు పట్టదట. ఇనుప మేకుల బదులు అవి వాడమన్నాడు.

రెండో పిడికి అక్క తొందరపడలేదు. పెద్దమ్మను పిలిపించి, ఆమె గుప్పిట్లో మెత్తటి మట్టి ముద్ద పెట్టి పిసకమంది. వాచిన కణుపులు ఎక్కడ ఆనుతాయో ఆ మట్టిలో అచ్చు పడింది. ఆ అచ్చు చూసుకుంటూ పిడిని కాస్త లావుగా, అంచులు గుండ్రంగా తీర్చింది. లోపల గాజు గుడ్డ పొర. అతుకుల నిండా రెజిన్. మెరుగు జోలికే పోలేదు.

కత్తి అప్పజెప్పేటప్పుడు ఈసారి అక్క తనకు తెలిసిందంతా చెప్పింది.

"పని కాగానే మంచినీళ్లతో, కొంచెం సబ్బుతో కడగండి. ఇనుప పీచు పెట్టి తోమకండి. కడిగాక అతుకుల దగ్గర కూడా పొడిగుడ్డతో తుడవండి. బకెట్లో మాత్రం వెయ్యకండి."

"వెయ్యను తల్లీ, బుద్ధొచ్చింది."

"మరిగే నీళ్లలో ముంచకండి, పొయ్యి పక్కన పెట్టకండి. వేడికి రెజిన్ మెత్తబడుతుంది. రంగులు తుడిచే థిన్నర్ తగలనివ్వకండి. ఎండలో వదిలెయ్యకండి."

"పసిబిడ్డను అప్పజెబుతున్నట్టుందే! పాలెప్పుడు పట్టాలో కూడా చెప్పు."

"వారానికోసారి అతుకు మీద గోరుతో గీసి చూడండి. గోరు తగులుకుంటే, అంచు చిట్లితే వెంటనే తెండి. మీరే అరగదీసుకోవద్దు, ఆ నుసి మంచిది కాదు. ఇవన్నీ చూసుకుంటే చాలా ఏళ్లు వస్తుందనుకుంటున్నా. ఎన్నేళ్లంటే మాత్రం చెప్పలేను."

పెద్దమ్మ పిడికిలి బిగించింది. వేళ్లు పూర్తిగా ముడుచుకోకపోయినా పిడి వాటిలో ఒదిగింది. గాల్లోనే ఒక చేపను కోసినట్టు కత్తి ఆడించింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూడనట్టు అక్క బల్ల తుడవడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత మార్కెట్ నుంచి ఒకరొకరుగా వచ్చారు. అందరికీ నల్ల పిడే కావాలి. అక్క అందరికీ వెయ్యలేదు. మాంసం కొట్టే ఆయనకు బరువుంటేనే చెయ్యి ఆడుతుంది, "మీకు కర్రే మంచిది" అని పంపేసింది. వేసిన వాళ్లకు మాత్రం మంచితో పాటు చెడూ చెప్పకుండా కత్తి చేతికివ్వదు. మొత్తం విని వద్దన్నవాళ్లూ ఉన్నారు. నాకు ఉక్రోషం వస్తుంది, ఆమెకు రాదు.

రెండేళ్లయింది. నెలకోసారి మధ్యాహ్నం పూట అక్క మార్కెట్‌కు వెళ్లి, ఖాళీ చేపల పెట్టె బోర్లించుకుని కూర్చుని, అందరి పిడులూ గోరుతో గీసి చూస్తుంది. మొన్న నేనూ వెళ్లాను. పెద్దమ్మ ఇప్పుడు ఒక పూటే పని చేస్తోంది, మిగతా పూట కోడలికి నేర్పుతోంది. మేం వెళ్లేసరికి కోడలు ఒక పెద్ద చేపతో కుస్తీ పడుతోంది.

"ముల్లు మీద బలం పెట్టకే, పక్కనుంచి రా" అంటూ పెద్దమ్మ తన కత్తి కోడలికి అందించింది. అంతలోనే ఏదో గుర్తొచ్చి అక్క వైపు తిరిగింది.

"అమ్మాయ్, దీని చెయ్యి నా చెయ్యంత లావు లేదు. మట్టి ముద్ద తెచ్చావా?"